సొంతంగా పౌడర్ కోటింగ్ బూత్ కట్టుకోవచ్చా? ముందు గాలి లెక్క చూద్దాం

పౌడర్ కోటింగ్ అంటే ఛార్జి ఎక్కించిన రంగు పొడిని గన్‌తో లోహం మీద చిమ్మి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరచడం. చిమ్మేటప్పుడు పొడి బయటికి ఎగరకుండా గాలి లాగే పెట్టె బూత్. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చిన్న వర్క్‌షాపు ఉంది, గన్ కొన్నారు, ఓవెన్ సిద్ధంగా ఉంది. బ్రాకెట్లు, స్టూలు కాళ్లు, బండి విడిభాగాల లాంటివి కోటింగ్ చేయాలి. ప్లైవుడ్‌తో ఓ పెట్టె కొట్టి, వెనక వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను, దాని ముందు ఏసీ ఫిల్టరు పెడితే బూత్ అయిపోతుందా? కిందపడ్డ పౌడరు మళ్లీ వాడుకోవచ్చా?

బూత్ సొంతంగా కట్టుకోవచ్చు. వెల్డింగు వచ్చినవాడికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. అయితే మీరు రాసిన మూడింటినీ మార్చాలి. ప్లైవుడ్డుకి బదులు జీఐ రేకు (జింకు పూత ఉన్న ఇనుప రేకు), వంటింటి ఫ్యానుకి బదులు సెంట్రిఫ్యూగల్ బ్లోయరు (అడ్డు ఉన్నా గాలిని బలంగా లాగే ఫ్యాను), ఏసీ ఫిల్టరుకి బదులు కార్ట్రిడ్జి ఫిల్టర్లు (మడతలు పెట్టిన గుడ్డతో చేసిన గొట్టాల్లాంటివి). వీటికి తోడు మీ ప్రశ్నలో ఎక్కడా కనబడనిది ఇంకోటుంది, ఎర్తింగు. పడ్డ పౌడరు సంగతి చివర్లో చెప్తాను. మీ స్థాయి పనికి దాన్ని మర్చిపోవడమే మేలని నా అభిప్రాయం.

పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నా మొదటి బూత్ అచ్చం మీరు గీసిన బొమ్మే, కాబట్టి ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత లేతు చక్ దవడల్లో నీలం పౌడరు, డ్రిల్ బిట్ల డబ్బాలో నీలం పౌడరు, రాత్రి ముక్కు చీదితే నీలం. రెండో నెలలో ఫ్యాను గుయ్యిమని మొరాయించింది. విప్పి చూస్తే బేరింగులో పౌడరు చేరి, మోటారు వేడికి కరిగి, గట్టిపడి లక్కలాగా పట్టేసి ఉంది. ఆ మోటారు గాలి దారిలోనే, పౌడరు మధ్యలో తిరుగుతోందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మోటారు ఆగింది కాబట్టి సరిపోయింది, రవ్వ వేసి ఉంటే కథ వేరేగా ఉండేది.

గాలి ఎంత కావాలి?

బూత్ ముందు తెరుపులో గాలి నిమిషానికి సుమారు 100 అడుగుల వేగంతో లోపలికి పోవాలి. అంటే సెకనుకి అర మీటరు. అంతకన్నా బాగా తగ్గితే పౌడరు మీ మొహం మీదికి వస్తుంది. బాగా పెరిగితే గన్ నుంచి వచ్చిన పౌడరు పార్టు మీద వాలకముందే ఫిల్టరు లాక్కుపోతుంది.

లెక్క సులువు. తెరుపు వెడల్పు 4 అడుగులు, ఎత్తు 4 అడుగులు అనుకోండి. 16 చదరపు అడుగులు. దాన్ని 100తో గుణిస్తే 1600 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి. మన కొలతలో నిమిషానికి 45 ఘనపు మీటర్లు. తెరుపు 6 అడుగులకి 6 అడుగులు చేశారో, అదే లెక్క 3600కి ఎగబాకుతుంది. బ్లోయరు, మోటారు, ఫిల్టర్ల సంఖ్య అన్నీ దానితో పాటే పెరుగుతాయి. అందుకే నేనెప్పుడూ ఒకటే చెప్తాను: పెట్టె లోపల ఎంత పెద్దగా ఉన్నా ఫర్వాలేదు, తెరుపు మాత్రం మీ అతి పెద్ద పార్టుకి చుట్టూ అడుగు జాగా మిగిలేంత ఉంటే చాలు. పైనా పక్కనా తీసిపెట్టుకునే రేకు పలకలు బిగించుకోండి. ఎప్పుడో ఏడాదికోసారి పెద్ద పార్టు వస్తే ఆ రోజుకి పలక తీస్తారు.

ఈ గాలి మీ ముక్కు కోసమే అనుకోకండి. పౌడరు అంటే మెత్తటి ప్లాస్టిక్ దుమ్ము, సగటున 30 నుంచి 50 మైక్రాన్ల రేణువులు. గాలిలో తగిన మోతాదులో కలిసిందంటే పెట్రోలు ఆవిరిలాగే అంటుకుంటుంది. యూరప్ ప్రమాణాల్లో, ఆ పౌడరు ఎంత మోతాదులో అంటుకుంటుందో తెలియనప్పుడు ఘనపు మీటరు గాలికి 10 గ్రాములు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. మన చేతి గన్ను నిమిషానికి 150 గ్రాములు చిమ్మిందనుకుందాం. పార్టుకి ఒక్క రేణువూ అంటలేదనే అనుకుందాం. 150ని 45తో భాగిస్తే 3.3 గ్రాములు. హద్దుకి చాలా కింద ఉన్నాం. ఇప్పుడు ఫిల్టరు మూసుకుపోయి గాలి పావు వంతుకి పడిపోయిందనుకోండి. అదే గన్ను, అదే పౌడరు, లెక్క మాత్రం 13 గ్రాములు దాటింది. బూత్‌లో ఏదీ మారినట్టు పైకి కనబడదు. ఫిల్టరు శుభ్రంగా ఉంచుకోవాలని నేను ఇంత పోరు పెట్టేది ఇందుకే.

బ్లోయరు, ఫిల్టర్లు

వంటింటి ఫ్యాను రెక్కలు అడ్డు లేని చోట గాలి బాగానే తోస్తాయి. ముందు దట్టమైన ఫిల్టరు పెడితే అక్కడే గిరగిరా తిరుగుతుంటాయి, గాలి కదలదు. ఫ్యాను డబ్బా మీద 1600 సీఎఫ్ఎం అని రాసి ఉన్నా, అది ఫిల్టరు లేనప్పటి మాట. మీరు కొనేటప్పుడు అడగాల్సింది "150 మిల్లీమీటర్ల నీటి పీడనం దగ్గర ఎంత గాలి ఇస్తుంది?" అని. ఫిల్టరు అడ్డుని ఇలా నీటి ఎత్తులో కొలుస్తారు. పై కొలత బూత్‌కి సుమారు 3 హెచ్‌పీ మోటారు పడుతుంది. ఇంపెల్లరు, అంటే లోపల తిరిగే రెక్కల చక్రం, అల్యూమినియందైతే మంచిది, బాడీకి రాసుకున్నా ఇనుము మీద ఇనుము రాసినట్టు రవ్వలు లేవవు. బ్లోయరు ఫిల్టర్ల తర్వాత, శుభ్రమైన గాలి వైపు ఉండాలి. మోటారు గాలి దారికి పూర్తిగా బయట ఉండాలి.

ఫిల్టర్లకి నేను వాడే మోటు లెక్క: ఒక చదరపు మీటరు ఫిల్టరు గుడ్డకి నిమిషానికి 1 నుంచి 1.5 ఘనపు మీటర్ల గాలి. 45 ఘనపు మీటర్లకి 30 నుంచి 45 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. ఒక్కో కార్ట్రిడ్జిలో మడతలన్నీ విప్పితే 10 చదరపు మీటర్లు ఉంటే, నాలుగు పెట్టుకోండి. మూడుతోనూ నడుస్తుంది, కానీ త్వరగా నిండుతాయి. కాగితం గుడ్డ కాకుండా పాలిస్టరు గుడ్డవి తీసుకోండి, దులిపితే పౌడరు రాలిపోతుంది.

ఇక ఫిల్టరు ఎప్పుడు నిండిందో ఎలా తెలుస్తుంది? నా బూత్ పక్క గోడకి అర అంగుళం పారదర్శక గొట్టాన్ని "U" ఆకారంలో వంచి, చెక్క పలకకి మేకులతో బిగించి, సగం దాకా ఇంకు కలిపిన నీళ్లు పోశాను. ఒక కొస షాపు గాలిలోకి, రెండో కొస బూత్‌లో ఫిల్టర్ల వెనక ఉన్న అరలోకి. బ్లోయరు వేయగానే ఒక వైపు నీళ్లు పైకి లేస్తాయి. కొత్త ఫిల్టర్లతో రెండు మట్టాల మధ్య తేడా 35 మిల్లీమీటర్లు వచ్చింది, అక్కడ పచ్చ గీత గీశాను. 100 దగ్గర ఎర్ర గీత. మా దగ్గర పనిచేసే కుర్రాడికి ఈ సిద్ధాంతాలేవీ చెప్పలేదు. "నీళ్లు ఎర్ర గీతకొస్తే గన్ను కింద పెట్టెయ్" అన్నాను, అంతే. కొనుక్కునే మీటర్లు కూడా ఇదే పని చేస్తాయి, అయితే నీళ్లు అబద్ధం చెప్పవు. మట్టం ఉన్నట్టుండి బాగా తగ్గిందంటే అది కూడా చెడు వార్తే, ఫిల్టరు చిరిగిందనో సీలు ఊడిందనో అర్థం.

ఫిల్టర్లని బూత్ వెనక గోడగానే పెట్టండి, పౌడరు వైపు మొహం తెరిచి. పొడుగాటి డక్టు వేసి ఎక్కడో దూరంగా మూసిన డబ్బాలో దుమ్ము పట్టే పద్ధతి చిన్న షాపుకి వద్దు. డక్టులో పౌడరు పేరుకుంటుంది. ఫిల్టరు దులిపినప్పుడు ఆ మూసిన డబ్బాలో మబ్బు దట్టంగా లేస్తుంది. అలాంటి వాటికి పేలుడు ఒత్తిడి బయటికి పోయే ద్వారాలు కట్టాలి. అది తెలిసిన ఇంజినీరు పని, మనది కాదు. వెనక్కి గాలి కొట్టి ఫిల్టర్లు దులిపేటప్పుడు గన్ ఆపి ఉండాలి, బ్లోయరు నడుస్తూ ఉండాలి.

ఫిల్టర్ల ముందు జానెడు దూరంలో ఓ రేకు తెర వేలాడదీస్తే గాలి ఒకే చోట నుంచి కాకుండా అంచుల వెంట సమంగా లాగుతుంది. నాకిది ఎలా తెలిసిందంటే, బూత్ పూర్తయ్యాక తెరుపు అంచు చుట్టూ అర అడుగుకొకటి చొప్పున నూలు పోగులు అంటించి బ్లోయరు వేశాను. మధ్యలో పోగులన్నీ బుద్ధిగా లోపలికి వాలాయి. పై రెండు మూలల్లో మాత్రం పోగులు బయటికి, నా వైపు ఊగాయి. అంటే ఆ మూలల నుంచి పౌడరు బయటికి తిరిగొస్తోందన్నమాట. తెర వేశాక, పై మూలలకి ఏటవాలుగా రేకు ముక్కలు మూశాక అన్నీ లోపలికి వాలాయి. పౌడరు డబ్బా మూత తీయకముందే ఈ పరీక్ష చేసుకోండి.

గోడలు

జీఐ రేకు, లోపలి వైపు నున్నగా. యాంగిలు ఫ్రేమంతా బయట ఉండాలి, లోపల పౌడరు కూర్చునే అరుగులు ఉండకూడదు. మూలలు కాస్త గుండ్రంగా వంచితే తుడవడం తేలిక. కింద సొరుగులాగా లాగే రేకు ట్రే. ప్లైవుడ్డు కాలుతుంది, పౌడరు దాని నారల్లో ఇరుక్కుని రంగు మార్చిన ప్రతిసారీ పాత రంగు బయటికొస్తుంది. పాలిథీన్ పట్టా కట్టుకుని పనిచేసేవాళ్లని చూశాను. దాని మీద ఛార్జి పోగై పౌడర్ని అదే లాక్కుంటుంది, పైగా అంటుకుంటే కరిగి కారుతుంది. వద్దే వద్దు.

లైటు బూత్ లోపల పెట్టకండి. పైకప్పులో కిటికీలాగా కోసి, గట్టిపరచిన గాజు బిగించి, చుట్టూ సీలు వేసి, పైన బయట ట్యూబులైటు పెట్టండి. రెండు పక్కలా చెరోటి ఉంటే నీడలు పడవు. నీడలో పలచగా పడ్డ కోటు ఓవెన్ నుంచి వచ్చాకే కనబడుతుంది, అప్పుడు ఏడ్చి లాభం లేదు. స్విచ్చులు, ప్లగ్గులు, గన్ కంట్రోలు పెట్టె అన్నీ బయటే.

మీరూ బయటే నిలబడాలి. చెయ్యీ గన్నూ మాత్రం లోపల.

ఎర్తింగు

ఈ పనిలో ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే: "పౌడరు పట్టడం లేదు", "మూలల్లోకి పోవడం లేదు", "నారింజ తొక్కలా వచ్చింది", "షాకు కొడుతోంది". జనం గన్ను మారుస్తారు, పౌడరు కంపెనీని తిడతారు. నేను ముందు పార్టు వేలాడదీసే హుక్కు చూపించమంటాను.

గన్ను కొసలో పదుల వేల వోల్టులు ఉంటాయి. పెద్ద గన్నులు 100 కిలోవోల్టుల దాకా పోతాయి. కరెంటు మాత్రం మైక్రోఆంపియర్లలో ఉంటుంది. ఆ ఛార్జి పౌడరుతో పాటు పార్టు మీదికి వచ్చి, హుక్కు ద్వారా అది తగిలించి ఉన్న ఇనుప పట్టాలోకి, అక్కడి నుంచి భూమిలోకి దిగాలి. దారి ఎక్కడ తెగినా పార్టే ఛార్జితో నిండిపోయి, వచ్చే పౌడర్ని తోసేస్తుంది.

నా అనుభవం చెప్తాను. ఎర్త్ కడ్డీ పాతాను, వైరు లాగాను, క్లిప్పు పట్టాకి గట్టిగా కొరికించాను. అంతా సవ్యంగానే ఉంది. ఓ రోజు చక్రం రిమ్ముకి ఎంత కొట్టినా పౌడరు జారిపోతోంది. సరిచేద్దామని వేలు పెట్టాను, చిటుక్కుమని మోచేతి దాకా పాకింది. హుక్కు తీసి చూస్తే, అది నలభై యాభై సార్లు ఓవెన్‌లోకి వెళ్లొచ్చింది, పొర మీద పొరగా పౌడరు కాలి, పెన్సిలంత ఉండాల్సింది బొటనవేలంత లావైంది. రంగురంగుల మిఠాయిలా ఉంది. అది ఇనుము కాదు, ఇన్సులేటరు. నా వేలి దగ్గర పుట్టిన ఆ రవ్వే, దట్టమైన పౌడరు మబ్బులో పుట్టి ఉంటే అంటించడానికి చాలు. ఆ రోజు బ్లోయరు బాగా లాగుతోంది, మబ్బు పలచగా ఉంది. నా తెలివేం లేదు అందులో.

అప్పటి నుంచి రివాజు ఇది. ప్రతి లోడుకీ హుక్కు రెండు కొసలూ ఆకురాయితో మెరిసేదాకా గీకడం. బరువు కింద పార్టుని నొక్కే కొసని మొనదేలిన "V" ఆకారంలో ఉంచితే మంచి పట్టు దొరుకుతుంది. పార్టుకి, ఎర్త్ కడ్డీకి మధ్య నిరోధం 1 మెగాఓమ్ కన్నా తక్కువ ఉండాలన్నది ప్రమాణాల్లో ఉన్న మాట. నిరోధం కొలిచే మీటరు పుల్లలు ఒకటి పార్టు మీద, ఒకటి కడ్డీ మీద పెట్టి కొలవండి. మధ్యలో ఏ క్లిప్పు మీదో పెట్టి కొలిస్తే హుక్కు తప్పు బయటపడదు, నేను మొదట్లో చేసిన పొరపాటు అదే. బూత్ గోడలు, పట్టా, పౌడరు హాపరు (గన్‌కి పౌడరు అందించే డబ్బా), గన్ కంట్రోలు పెట్టె అన్నీ ఒకే ఎర్త్‌కి కలపండి. రేకుల మధ్య సీలు వేసిన చోట రాగి వైరుతో ఒకదాన్నొకటి కలపండి, బోల్టు ఉందిగదా అని వదలకండి.

మీరూ ఎర్త్ అవ్వాలి. గన్ను పిడి పట్టుకున్న అరచేయి దానికి నేరుగా తగలాలి. రబ్బరు గ్లౌజు వేసుకుంటే మీరే ఛార్జి నిండిన డబ్బా అవుతారు. గ్లౌజు తప్పనిసరైతే అరచేతి వైపు కత్తిరించేయండి, లేదా ఛార్జిని పోనిచ్చే యాంటీస్టాటిక్‌వి కొనండి. చెప్పులూ అంతే, ఛార్జిని ఆపేవి వద్దు.

బ్లోయరు లేకుండా గన్ను పనిచేయకూడదు

ఎలక్ట్రీషియన్ చేత గన్ సరఫరాని బ్లోయరు కాంటాక్టరు (మోటారుకి కరెంటు వేసి ఆపే స్విచ్చు) ద్వారా వేయించండి. బ్లోయరు ఆగితే గన్ దానంతటదే చచ్చిపోవాలి. ఇంకా మంచిది గాలి పారుతోందా లేదా చూసే స్విచ్చు. బెల్టు తెగి మోటారు ఒక్కటే తిరుగుతున్నప్పుడు కాంటాక్టరుకి తేడా తెలియదు మరి.

గాలి ఎక్కడికి పోవాలి?

పౌడర్లో సాల్వెంటు లేదు కాబట్టి, బాగా వడకట్టిన గాలిని గదిలోకే వదలొచ్చు. నేను అలాగే చేస్తున్నాను. కార్ట్రిడ్జిల తర్వాత మెత్తటి దుమ్ముని పట్టే ఇంకో ఫిల్టరు వరస ఉంది. బ్లోయరు నోటి ముందు నల్ల రంగు వేసిన రేకు ముక్క వేలాడుతుంటుంది, సాయంత్రం వేలితో తుడిచి చూస్తాను. వేలికి రంగు అంటిందంటే లీకు ఉన్నట్టే. బయటికి వదలాలంటే అంత గాలీ గదిలోకి రావాలి కదా. చిన్న గది తలుపులు మూసి 1600 సీఎఫ్ఎం లాగితే తలుపు సందుల్లోంచి వీధి దుమ్మంతా లోపలికొచ్చి పౌడరు కోటు మీద వాలుతుంది. గ్యాసు ఓవెన్ అదే గదిలో ఉంటే దాని పొగ కూడా వెనక్కి వస్తుంది. ఎలాగూ ఓవెన్ బూత్‌కి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, మంటది అయితే మరీనూ.

గ్రైండింగు దుమ్ము లాగడానికి ఇదే బ్లోయరు వాడుకుందామన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకూ వచ్చింది. గ్రైండరు రవ్వ నేరుగా పౌడరు నిండిన ఫిల్టర్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ మాట అక్కడితో ఆపేద్దాం.

శుభ్రం చేసుకోవడం

కంప్రెసరు గాలితో ఊదకండి, కింద కూర్చున్న పౌడరంతా మబ్బై లేస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనరు కూడా వద్దు, దాని మోటారు బ్రష్షులు రవ్వలు వేస్తూనే తిరుగుతాయి. మెత్తటి చీపురు, రబ్బరు పలక, నెమ్మదిగా ట్రేలోకి. బూత్ లోపలే కాదు, షెడ్డు దూలాల మీద, ట్యూబులైటు పట్టీల మీద పేరుకున్నదీ తుడవాలి. చిన్న మంట పుడితే దాని విసురుకి ఆ దుమ్మంతా రాలి రెండో మంటకి సరుకవుతుంది, నష్టం ఎక్కువ చేసేది అదే. అదే కారణానికి, మంటలార్పే సిలిండరు ధారని పౌడరు కుప్ప మీద సూటిగా కొట్టకూడదు.

మాస్కు లేకుండా ఒక్క పార్టు కూడా వద్దు. ఎండావానల్లో ఉండే వస్తువులకి వాడే పాలిస్టరు పౌడర్లు కొన్నిట్లో టీజీఐసీ అనే గట్టిపరిచే పదార్థం ఉంటుంది, అది ఒంటికీ ఊపిరికీ మంచిది కాదు. టీజీఐసీ లేని రకాలూ దొరుకుతున్నాయి, కొనేముందు డేటా షీటు అడిగి చదవండి.

పడ్డ పౌడరు మళ్లీ వాడుకోవచ్చా?

సాంకేతికంగా అవును. పెద్ద లైన్లలో వాడతారు, ఎందుకంటే వాళ్లు రోజంతా ఒకటే రంగు కొడతారు, జల్లెడ పడతారు, కొత్త పౌడర్లో కొలిచి కలుపుతారు. మీరు పొద్దున నలుపు, మధ్యాహ్నం తెలుపు కొడతారు. ఫిల్టర్లో ఉన్న ఒక్క చిటికెడు నలుపు తెల్ల పార్టు మీద మిరియాల పొడి చల్లినట్టు కనబడుతుంది. పైగా ఫిల్టరు దాకా ఎగిరొచ్చేది ఎక్కువగా సన్నటి రేణువులే. అవి గన్నులో సరిగా పారవు, ముద్దలు కట్టి ఉమ్ముతాయి. ఒక పార్టు గీకి మళ్లీ కోటింగ్ చేయడానికి పట్టే పొద్దుతో పోలిస్తే ఆ మిగుల్చుకున్న పౌడరు విలువెంత? నెలల తరబడి ఒకటే రంగు ఆర్డరు వస్తే అప్పుడు ఆలోచించండి.

ఇంకోటి, బూత్ బాగా లాగుతున్నప్పుడు పార్టుని ఫిల్టర్లకి దగ్గరగా వేలాడదీయకండి. తెరుపు నుంచి మూడో వంతు లోపలికి ఉంటే సరిపోతుంది. లోతైన మూలల్లోకి పౌడరు పోకపోతే గాలి పెంచడం కాదు, గన్ వోల్టేజి తగ్గించి, పౌడరు తక్కువ చేసి, నెమ్మదిగా కొట్టండి.

బీమా ఉంటే కట్టడానికి ముందే వాళ్లకీ, మీ ప్రాంతం అగ్నిమాపక వాళ్లకీ ఒక మాట చెప్పండి. కట్టాక చెప్తే మార్పులు రెట్టింపు పని.

మీ అతి పెద్ద పార్టు కొలతలు, గన్ను మోడలు, షెడ్డు ఎత్తు రాయండి. బ్లోయరు ఏదైనా చూసి పెట్టుకుని ఉంటే దాని పలక ఫోటో కూడా పెట్టండి, ఫిల్టర్లు ఎన్ని పడతాయో లెక్కేసి చెప్తాను. ప్లైవుడ్డు ఇప్పటికే కొనేసి ఉంటే బాధపడకండి, హుక్కులు తగిలించుకునే బోర్డుకి పనికొస్తుంది. నాది ఇప్పటికీ గోడకి అలాగే ఉంది, అంచుల్లో ఇంకా నీలం కనబడుతుంది.